మంచానికి కట్టేయని డాక్టరు

అల్జీమర్స్ అనే మాట ఇప్పుడు మన ఇళ్లలో మామూలైపోయింది. పదిహేనేళ్ల కిందట ఆసుపత్రికి వచ్చేవాళ్లు నాన్నకు చాదస్తం ముదిరిందనో, అమ్మకు మతి చలించిందనో చెప్పేవారు. ఇప్పుడు తెనాలి నుంచి వచ్చినా, రేపల్లె పక్క పల్లెల నుంచి వచ్చినా జబ్బు పేరు వాళ్లే ముందు చెబుతున్నారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి 7 మందికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని ఓ పెద్ద సర్వే అంచనా వేసింది. అందులో ఎక్కువ భాగం అల్జీమర్సే. అయితే అది ఒక మనిషి ఇంటిపేరని చాలామందికి తెలియదు.

ఆలోయిస్ అల్జీమర్ జర్మనీకి చెందిన డాక్టరు. చనిపోయి 100 ఏళ్లు దాటింది. వైద్య విద్యార్థులు ఆయన్ను సూక్ష్మదర్శినితో గుర్తుపెట్టుకుంటారు. మెదడు ముక్కను గాజుపలక మీద పెట్టి, అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని మచ్చల్నీ చిక్కుల్నీ చూపించినవాడని. అది నిజమే. కానీ మీ అమ్మగారు సాయంత్రం ఐదింటికల్లా గేటు పట్టుకుని ఇంటికి పోతానని గొడవ చేస్తుంటే, స్నానం చేయించబోయిన కోడలి చెయ్యి కొరికేస్తే, మీకు సూక్ష్మదర్శినితో పనేముంది? మీకు కావలసింది ఆ సూక్ష్మదర్శినికి పేరు రాకముందు, ఫ్రాంక్‌ఫర్ట్ వార్డుల్లో ఆయన గడిపిన సంవత్సరాలు. అరిచేవాళ్ల మధ్య, కొట్టేవాళ్ల మధ్య, రాత్రంతా నిద్రపోనివాళ్ల మధ్య గడిపినవి.

ఐదు నెలల తోడు

1864 జూన్ 14న మైన్ నది ఒడ్డున మార్క్‌ట్‌బ్రైట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. మన రేపల్లె కంటే చాలా చిన్న ఊరది. తండ్రి నోటరీ. బెర్లిన్, టుబింగెన్, వుర్జ్‌బర్గ్‌లలో వైద్యం చదివాడు. అప్పటి జర్మన్ కుర్రాళ్లకు కత్తిసాము సరదా ఉండేది. ఆ సరదా ఆయన ముఖం మీద జీవితాంతం ఒక గాటుగా మిగిలింది. 1887లో పట్టా కోసం సమర్పించిన పరిశోధన మెదడు గురించి కాదు, చెవిలో గులిమి తయారుచేసే గ్రంథుల గురించి!

చదువు అయిపోగానే ఆయన చేసిన పని ఒకటుంది. మతిస్థిమితం లేని ఒక మహిళకు తోడుగా ఐదు నెలలు ప్రయాణాలు చేశాడు. ఆయన జీవిత చరిత్రల్లో ఇది ఒక్క వాక్యంలో దాటిపోతుంది. నాకు మాత్రం ఇది చిన్న విషయంగా తోచదు. ఓపీలో ఒక రోగిని ఐదు నిమిషాలు చూడటం వేరు, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఒకే మనిషిని కనిపెట్టుకుని ఉండటం వేరు. ఆ రెండో పని మీరు ఇంట్లో చేస్తున్నారు. ఆ అనుభవం ఉన్న డాక్టర్లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

1888 డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ నగర మానసిక వైద్యశాలలో చేరాడు. గుట్ట మీద కోటలా ఉండే భవనం. ఊళ్లోవాళ్లు దాన్ని పిచ్చివాళ్ల కోట అని పిలిచేవారు. డైరెక్టరు ఎమిల్ సియోలి. మరుసటి ఏడాది ఫ్రాంజ్ నిస్ల్ అనే మరో యువ డాక్టరు వచ్చి కలిశాడు. పగలు వార్డుల్లో, రాత్రి సూక్ష్మదర్శిని దగ్గర, ఇద్దరూ జోడెద్దుల్లా పనిచేశారు.

ఆ రోజుల్లో ఆందోళన పడే రోగిని అదుపు చేయడమంటే కట్టేయడమే. తోలు పట్టీలు, చేతులు కదలనివ్వని చొక్కాలు, గొళ్లెం పెట్టిన గదులు. లండన్ దగ్గర హాన్‌వెల్ ఆసుపత్రిలో జాన్ కనోలీ అనే డాక్టరు 1839లోనే ఇవన్నీ తీసేసి చూపించినా, యూరప్ అంతటా ఆ పద్ధతి పాకడానికి దశాబ్దాలు పట్టింది. సియోలి దాన్ని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమలు చేయాలనుకున్నాడు. చేతల్లో పెట్టింది అల్జీమరూ నిస్లూ. కట్లు తగ్గించారు. అందరూ కనిపించేలా పెద్ద హాళ్లలో మంచాలు వేయించారు. తోటలో తిప్పారు. బాగా ఆందోళన పడేవాళ్లను గోరువెచ్చటి నీటి తొట్టెలో గంటల తరబడి కూర్చోబెట్టారు. అల్జీమర్ రోగుల పక్కన కూర్చుని మాట్లాడేవాడు.

కట్టు గురించి ఒక మాట

కట్టేయడం పాత కాలపు సంగతనుకోకండి. మణికట్టు మీద చీరముడి ఒరుసుకున్న గీతలు నాకు ఇప్పటికీ ఓపీలో కనిపిస్తుంటాయి. కట్టినవాళ్లు కఠినులని నేననుకోను. తెనాలిలో వీధి దాటితే కాలవ, కాస్త దూరం పోతే రైలు పట్టాలు. రాత్రి రెండింటికి తండ్రి తలుపు తీసుకుని వెళ్లిపోతే ఏమవుతుందోనన్న భయం నిజమైంది. కానీ కట్టేస్తే ఆందోళన పెరుగుతుంది. ఎందుకు కట్టారో ఆ మనిషికి అర్థం కాదు. ఎవరో పట్టుకుపోయారనుకుంటారు. విడిపించుకునే పెనుగులాటలో కింద పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. కదలక పడుంటే వీపు మీద పుండ్లు పడతాయి.

దానికి బదులు చేయగలిగినవి ఉన్నాయి. గేటు గడియను ఎప్పుడూ ఉండే చోట కాకుండా బాగా కిందికో పైకో మార్చండి. చాలామంది అక్కడ వెతకరు. తలుపుకు చిరుగంట కట్టండి. జేబులో, జాకెట్టులో, మొలతాడుకు ఫోన్ నంబరు రాసిన బిళ్ల ఉంచండి. వీధి చివర కిళ్లీ కొట్టు అబ్బాయికి, ఆటో స్టాండు వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. జబ్బు విషయం బయటపడుతుందని సిగ్గుపడేకన్నా ఇది మేలు. ఇవాళ తీసిన ఫొటో ఒకటి ఫోన్లో ఉండాలి, పదేళ్ల కిందటి పెళ్లి ఫొటో కాదు.

నీటి దగ్గర గొడవ

అల్జీమర్ వార్డులో నీటి తొట్టె ఊరట. మన ఇళ్లలో స్నానమే గొడవ! ఈ తేడా ఎందుకని ఆలోచించండి. అక్కడ నీళ్లు వెచ్చగా, ముందే నింపి ఉండేవి. పక్కనే మనిషి ఉండేవారు. తొందరపెట్టేవారు లేరు. మన దగ్గర పిల్లల స్కూలు టైముకు ముందే అమ్మగారి స్నానం అయిపోవాలి. చలిగా ఉన్న గచ్చు మీద నిలబెట్టి నెత్తిన చెంబెడు నీళ్లు గుమ్మరిస్తాం. పైగా కొడుకు ముందో కోడలి ముందో బట్టలిప్పడం. మతి పోయినా సిగ్గు పోదు. ఆ పెనుగులాట మొండితనం కాదు, భయమూ సిగ్గూ.

గంటల తరబడి తొట్టెలో కూర్చోబెట్టమని నేను చెప్పడం లేదు. ఆ పద్ధతి ఆ కాలంతోనే పోయింది. పెద్దవాళ్ల చర్మానికి, గుండెకు అది మంచిది కూడా కాదు. తీసుకోవలసింది అందులోని నిదానం. జీవితమంతా వాళ్లు ఏ వేళకు స్నానం చేసేవారో ఆ వేళకే చేయించండి. పొలం నుంచి వచ్చి సాయంత్రం నీళ్లు పోసుకునే అలవాటున్న మనిషిని పొద్దున్నే లాగితే ఎదురు తిరుగుతాడు. షవర్ వద్దు, మీద పడే నీళ్లు భయపెడతాయి. బకెట్టు, చెంబు, జారని పీట. వేడి మీ మోచేతితో చూసుకోండి. మొదట పాదాల మీద పోయండి, తర్వాత మోకాళ్లు, చేతులు. తల చివర. భుజాల మీదుగా తువ్వాలు కప్పి, దాని కిందనుంచే ఒళ్లు రుద్దండి. చెంబు వాళ్ల చేతికే ఇస్తే సగం గొడవ అక్కడే తగ్గుతుంది. ఒప్పుకోని రోజు తడిగుడ్డతో తుడిస్తే చాలు. రోజూ తలంటు పోయకపోతే కొంప మునగదు.

రైల్వే గుమస్తా భార్య

1894లో అల్జీమర్‌కు పెళ్లయింది. భార్య సెసిలీ అప్పటికే భర్తను పోగొట్టుకున్న మహిళ, ఆస్తిపరురాలు. ముగ్గురు పిల్లలు పుట్టారు. 1901 ఫిబ్రవరిలో ఆమె చనిపోయింది. పిల్లల్ని చూసుకోవడానికి ఆయన చెల్లెలు వచ్చింది. ఆయన పనిలో మునిగిపోయాడు.

అదే ఏడాది నవంబరు 25న ఔగుస్తె డేటర్ అనే 51 ఏళ్ల మహిళను ఆసుపత్రిలో చేర్చారు. భర్త కార్ల్ రైల్వేలో గుమస్తా. ముందుగా కనిపించిన లక్షణం మతిమరుపు కాదు, అనుమానం. భర్తకు వేరే స్త్రీతో సంబంధం ఉందని నమ్మింది. తర్వాత వంట పాడుచేయడం, సొంత ఇంట్లోనే దారి తెలియకపోవడం, వస్తువులు అటూ ఇటూ ఈడ్చుకుంటూ తిరగడం, దాచేయడం. తనను చంపడానికి ఎవరో వస్తున్నారని గట్టిగా అరవడం. రాత్రి నిద్ర లేదు.

ఇది చదువుతున్నవాళ్లలో కొందరికి మీ ఇల్లే కనిపిస్తూ ఉండొచ్చు. మన దగ్గర అనుమానం ఎక్కువగా నగల మీదికి, డబ్బు మీదికి పోతుంది. గొలుసు కోడలు తీసిందని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. రాత్రింబవళ్లు సేవ చేస్తున్న కోడలికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. ఆ మాట మెదడు జబ్బు మాట్లాడిన మాట. ఎక్కడ పెట్టిందో ఆమెకు గుర్తులేదు, పెట్టిన సంగతే గుర్తులేదు. కనిపించడం లేదు కాబట్టి ఎవరో తీశారు. ఆమె లెక్క ప్రకారం అది సరైన లెక్కే. నేను తీయలేదని ఒట్టు వేసి లాభం లేదు. అయ్యో, పోయిందా, పదండి ఇద్దరం వెతుకుదాం అంటే కోపం దిగుతుంది. దాచే చోట్లు మీకు తెలిసిపోతాయి: దిండు గలీబు, బియ్యం డబ్బా, దేవుడి పటం వెనక. అసలు నగ బీరువాలో పెట్టి, అలాంటిదే గిల్టుది ఆమెకు ఇచ్చినా తప్పులేదు. కొడుకు చేయవలసింది ఒకటుంది. అందరి ముందూ భార్య పక్షాన నిలబడటం.

అల్జీమర్ ఔగుస్తె పక్కన రోజుల తరబడి కూర్చుని, ఏమడిగాడో, ఆమె ఏం చెప్పిందో స్వయంగా రాసుకున్నాడు. భర్త పేరు అడిగితే తన పేరే చెప్పింది. పెన్సిలు, తాళంచెవి చూపిస్తే పేర్లు చెప్పగలిగింది. కాసేపటికి ఏం చూశానో మరిచిపోయింది. భోజనంలో కాలీఫ్లవర్ తింటూ పాలకూర అంది. తన పేరు రాయమంటే పూర్తిచేయలేకపోయింది.

ఇక్కడ మీకొక హెచ్చరిక. ఆ ప్రశ్నలు డాక్టరు అడగవలసినవి, జబ్బు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి. ఇంట్లో అడగవలసినవి కావు. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో దిగిన ప్రతి చుట్టమూ మంచం ముందు నిలబడి, నేనెవరో చెప్పు చూద్దాం, గుర్తుపట్టావా అని పరీక్ష పెడతారు. ప్రేమతోనే. చెప్పలేనప్పుడు ఆ ముఖంలో వచ్చే గాబరా గమనించండి. ఆ గాబరానే గంట తర్వాత కోపంగా, తిట్లుగా బయటికొస్తుంది. రాగానే మీ పేరూ వరసా మీరే చెప్పేయండి. నేను పెద్దమ్మాయి కొడుకుని తాతయ్యా, సెలవులకు వచ్చాను అంటే ఆయనకు ఊపిరాడుతుంది.

వంతులు

ఔగుస్తె కేసు కాగితాల్లో ఒక చిన్న సంగతి ఉంది. ఒళ్లు పరీక్ష చేస్తున్నప్పుడు ఆమె భయపడలేదు, చెప్పినట్టు విన్నది. ఒంటరి గదిలోంచి మంచం దగ్గరికి మార్చినప్పుడు మాత్రం కేకలు పెట్టింది, ఎదురు తిరిగింది, చాలా భయపడింది. అవును, ఆ ఆసుపత్రిలోనూ ఒంటరి గది ఉంది, నిద్రమందులూ ఉన్నాయి. అల్జీమర్ దగ్గర మంత్రదండం లేదు. ఎంత చేసినా ఆమె శాంతించని రోజులు చాలానే ఉన్నాయి. ఆ నిజం కూడా ఆయన రాసిపెట్టాడు.

చోటు మారిస్తే భయం. ఈ ఒక్క విషయం మన ప్రాంతంలో ఎంత అవసరమో చెబుతాను. తండ్రి పోయాక తల్లిని వంతులు వేసుకోవడం మనకు మామూలు. పెద్దబ్బాయి తెనాలిలో, రెండోవాడు బాపట్లలో, అమ్మాయి రేపల్లెలో ఉంటారు. నెల తిరగ్గానే అమ్మ సంచి సర్దుకుని తర్వాతి ఇంటికి. మతి బాగున్నంతకాలం ఇది న్యాయమైన పంపకమే. అల్జీమర్స్ వచ్చాక ఇదే పెద్ద శిక్ష. తెనాలి ఇంట్లో రాత్రి మూత్రానికి లేస్తే తలుపు ఎడమవైపు. బాపట్లలో అదే చోట గోడ. చీకట్లో గోడను తడుముకుంటూ ఆమె అరుస్తుంది. ఆ ఇంటివాళ్లు మా దగ్గరికి వచ్చాకే జబ్బు ముదిరిందంటారు. తెనాలివాళ్లు మా దగ్గర బాగానే ఉందే అంటారు. అన్నదమ్ముల మధ్య మాటలు పెరుగుతాయి. ఇద్దరూ చెప్పేది నిజమే. సరిగ్గా అలవాటు పడే వేళకు నెల అయిపోతుంది.

నా సలహా ఏమిటంటే, అమ్మను కదపకండి, వంతులు మీరు తిరగండి. ఈ మూడు ఊళ్ల మధ్య దూరం ఎంత? రైలుంది, బస్సుంది. అమ్మ ఒక ఇంట్లో ఉంటుంది. మిగతా ఇద్దరూ వారానికి రెండు రాత్రులు వచ్చి పడుకుంటారు. రాలేనివాళ్లు పగలు చూసుకునే మనిషికి జీతమిస్తారు. రాత్రి కాపలా వల్లే కుటుంబాలు కుప్పకూలిపోతాయి. వారంలో రెండు రాత్రులు నిద్రపోతే అసలు చూసుకునేవాళ్లు నిలబడతారు.

మార్చక తప్పకపోతే పగటిపూట మార్చండి. ఆమె మంచం, దుప్పటి, కంచం, గ్లాసు, దేవుడి పటం వెంట రావాలి. మంచం గోడకు ఏ వైపు ఉండేదో అదే వైపు వేయండి. తెలిసిన మనిషి ఒకరు మొదటి వారం అక్కడే ఉండాలి. మరుగుదొడ్డి దారిలో రాత్రంతా చిన్న దీపం వెలగాలి.

ఇంటికి పోతానంటే

1902లో అల్జీమర్ ఫ్రాంక్‌ఫర్ట్ వదిలాడు. హైడెల్‌బర్గ్‌లో ఎమిల్ క్రెపెలిన్ దగ్గర చేరి, మరుసటి ఏడాది ఆయనతో పాటే మ్యూనిక్ వెళ్లాడు. ఔగుస్తెను మరిచిపోలేదు. ఆసుపత్రి ఖర్చు భర్తకు భారమై చవకైన చోటికి మార్చాలనుకున్నా, ఆమె చివరిదాకా అక్కడే ఉంది. 1906 ఏప్రిల్ 8న చనిపోయింది. ఆఖరి రోజుల్లో మంచంలోనే ముడుచుకుపోయి ఉండేది. పడక పుండ్ల నుంచి రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్ ఆమెను తీసుకుపోయింది. మంచాన పడినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని మేం నర్సులతో చెప్పించేది ఇందుకే. గాలి పరుపు వేస్తే మంచిది, కానీ పరుపు ఉందని తిప్పడం మానకూడదు.

ఆమె మెదడు మ్యూనిక్ చేరింది. వెండి లవణాలతో రంగు వేసి చూస్తే కణాల లోపల చిక్కుపడ్డ దారాలు, కణాల మధ్య గడ్డకట్టిన మచ్చలు కనిపించాయి. 1906 నవంబరులో టుబింగెన్‌లో డాక్టర్ల సభలో ఈ సంగతి చెబితే ఒక్కరూ ప్రశ్న వేయలేదు. 1907లో అచ్చయింది. 1910లో క్రెపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఈ జబ్బుకు శిష్యుడి పేరు పెట్టాడు. ఆ ప్రయోగశాలలో పనిచేసినవాళ్లు చెప్పుకునేదొకటి ఉంది. అల్జీమర్ చుట్ట కాలుస్తూ విద్యార్థుల పక్కన కూర్చునేవాడట. చూపించడంలో మునిగి చుట్ట పక్కన పెట్టి మరిచిపోయేవాడట. సాయంత్రానికి ప్రతి సూక్ష్మదర్శిని దగ్గరా ఒక చుట్ట పీక మిగిలేదట!

ఆ మచ్చలూ చిక్కులూ సాధారణంగా మొదట దెబ్బతీసేది కొత్త విషయాలు దాచే చోటును. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, యాభై ఏళ్ల కిందటి సంగతులు ఉంటాయి. వాదన గుర్తుండదు, వాదనలో మీ గొంతు పుట్టించిన భయం మాత్రం చాలాసేపు ఉంటుంది. దీన్నిబట్టే మీ నడత ఉండాలి.

సాయంత్రం ఇంటికి పోతానని బయల్దేరే నాన్నకు ఇదే నీ ఇల్లని పత్రాలు చూపించి ప్రయోజనం లేదు. ఆయన వెతుకుతున్నది పెంకుటిల్లూ, పెరట్లో గేదే, వాళ్లమ్మా ఉన్న ఇంటిని. ఆ ఇంటి గురించి అడగండి. చెప్పులు వేసుకుని మీరూ కూడా బయల్దేరండి. వీధి చివరిదాకా నడిచి, టీ తాగి, తిరిగి ఇదే గేటు దగ్గరికి వస్తే చాలాసార్లు లోపలికి వచ్చి కూర్చుంటారు. పొద్దు వాలకముందే లైట్లు వేసేయండి. మసక వెలుతురులో నీడలు మనుషుల్లా కనిపిస్తాయి. టీవీలో అరుపుల చర్చలు కట్టేయండి. అద్దంలో తనను చూసుకుని ఎవరో ముసలాయన వచ్చాడని తిడుతుంటే అద్దానికి గుడ్డ కప్పండి. పగటి నిద్ర అరగంట దాటనివ్వకండి, మధ్యాహ్నం తర్వాత కాఫీ తగ్గించండి. పొద్దున ఎండలో కాసేపు నడిపిస్తే రాత్రి కొంత నిద్రపడుతుంది.

చెయ్యెత్తితే వెనక్కి జరగండి. ఎదురుగా, వాళ్ల కళ్ల ఎత్తుకు కూర్చుని, నెమ్మదిగా ఒక్కో మాటే చెప్పండి. వెనకనుంచి భుజం పట్టుకోకండి. చేతికి పని ఇవ్వండి: చిక్కుళ్లు తీయడం, కండువాలు మడతపెట్టడం. మడతపెట్టినవి విప్పేసి మళ్లీ ఇచ్చినా ఫరవాలేదు. పాట బాగా పనిచేస్తుంది. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకం చూడకుండా పెరిగిన పెద్దవాళ్లు అరుదు. కొడుకు పేరు చెప్పలేని ఆయన హార్మోనియం శ్రుతి వినగానే పద్యం ఎత్తుకుంటాడు, రాగం తీయడం కూడా మరవడు. ఫోన్లో అలాంటివి నాలుగు సిద్ధంగా ఉంచుకోండి. గొడవ మొదలయ్యాక కాదు, మొదలయ్యే వేళకు పావుగంట ముందు పెట్టండి.

ఇది మామూలు గొడవేనా?

ఇంతదాకా చెప్పినదానికన్నా ముఖ్యమైనది ఇది. నిన్నటిదాకా ఓ మోస్తరుగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో ఒక్కసారిగా మారిపోతే, అరుస్తున్నా, లేదా మగతగా పడిపోయినా, అది అల్జీమర్స్ ముదరడం కాదు. లోపల ఇంకేదో జరుగుతోంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, సుగర్ పడిపోవడం, సోడియం తగ్గడం, ఒంట్లో నీరు తగ్గడం, తలకు దెబ్బ. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది.

అలా కాకపోయినా ప్రతి గొడవ వెనకా ఒంటి బాధ ఉందేమో ముందు చూడండి. నొప్పిని నొప్పి అని చెప్పే మాట వాళ్ల దగ్గర లేదు, కోపమే ఉంది. నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, నిండిన మూత్రాశయం, పుచ్చిన పన్ను, మోకాలి నొప్పి, ఆకలి, పోయిన కళ్లజోడు, బ్యాటరీ అయిపోయిన చెవి మిషను. కళ్లలో శుక్లాలుంటే గోడ మీద మచ్చ కూడా పామే.

మందుల విషయంలో కచ్చితంగా చెబుతున్నాను. రెండు రాత్రులు నిద్రలేక విసిగిన కొడుకు మందుల షాపుకెళ్లి నిద్రమాత్రలు తేవడం ప్రమాదం. వాటితో తూలి పడతారు, మతి ఇంకా మసకబారుతుంది. జలుబుకు, దురదకు వాడే కొన్ని మగత మాత్రలు కూడా ఈ జబ్బులో గందరగోళం పెంచుతాయి. ఆందోళనకు మానసిక వైద్యులు రాసే మందులున్నాయి. అయితే డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో అవి మరణం ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. పక్షవాతం ముప్పు కూడా ఉంది. తనకో ఇతరులకో హాని జరిగే పరిస్థితి ఉంటే, మిగతా దారులు పనిచేయకపోతే, తక్కువ మోతాదులో, కొద్దికాలం, మధ్యమధ్యలో తగ్గించి చూస్తూ వాడాలి. ఎప్పుడో రాసిన చీటీతో ఏళ్ల తరబడి కొని వేయకూడదు. అలాగని సొంతంగా ఒక్కసారిగా ఆపేయనూ కూడదు. పాత చీటీతో డాక్టరు దగ్గరికి రండి.

అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ల ఇతర సమస్యలకు 14567 ఉంది. చూసుకునేవాళ్లు తమ గురించి మాట్లాడటానికి కూడా 14416 పనికొస్తుంది. నాకే పిచ్చెక్కుతోందని ఏడ్చే కూతుళ్లను, కోడళ్లను చూస్తుంటాను. వాళ్లకు నిద్ర కావాలి, ఒక పూట సెలవు కావాలి. ఓపిక పట్టమన్న సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చి ఉంటారు.

1912లో అల్జీమర్‌కు బ్రెస్లౌ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి వచ్చింది. అక్కడికి వెళ్లే ప్రయాణంలోనే జబ్బుపడ్డాడు. తర్వాత పూర్తిగా కోలుకోలేదు. గుండె దెబ్బతిని 1915 డిసెంబరు 19న చనిపోయాడు. అప్పటికి వయసు 51. ఔగుస్తె ఆయన ముందుకొచ్చిన నాటికి ఆమె వయసూ అంతే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భార్య సమాధి పక్కనే ఆయన్ను ఖననం చేశారు.

ఔగుస్తె కేసు ఫైలు చాలా దశాబ్దాలు కనిపించకుండా పోయింది. 1995 డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యశాల పాత దస్తావేజుల్లో దొరికింది. 32 పేజీలు. అందులో ఆయన చేతిరాత ఉంది, పేరు రాయబోయి మధ్యలో ఆగిపోయిన ఆమె చేతిరాత ఉంది, ఒక ఫొటో కూడా ఉంది. ఆసుపత్రి గౌను, విప్పిన జుట్టు, కిందికి వాలిన చూపు, మోకాళ్ల దగ్గర ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతులు. ఆ చేతులకు కట్లు లేవు.